మైదానంలో గెలిచి కాగితం మీద ఓడిన జట్టు

2017 జూలై 15న పెర్త్‌లో వెస్టర్న్ ఫోర్స్ జట్టు సిడ్నీ నుంచి వచ్చిన వారటాస్‌ని 40-11తో చిత్తు చేసింది. ఆ సీజన్ సూపర్ రగ్బీలో ఆడిన ఐదు ఆస్ట్రేలియా జట్లలో ఫోర్స్‌ది రెండో స్థానం: ఆరు గెలుపులు, 26 పాయింట్లు. ఐదో స్థానం మెల్‌బోర్న్ రెబెల్స్‌ది: ఒక గెలుపు, ఒక డ్రా, 9 పాయింట్లు. నాలుగు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 11న ఆస్ట్రేలియన్ రగ్బీ యూనియన్ తన ఐదు జట్లలో ఒకదాన్ని తీసేసింది. తీసేసింది ఫోర్స్‌ని.

సూపర్ రగ్బీ సంగతి తెలియనివాళ్లకు కొంచెం నేపథ్యం చెప్పాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి 1996లో 12 జట్లతో మొదలుపెట్టిన వృత్తి రగ్బీ పోటీ ఇది. అర్జెంటీనా, జపాన్ జట్లు కూడా చేరి 2016 నాటికి 18 జట్లయ్యాయి. ఐపీఎల్ లాగే ఇక్కడా ఆఖరున నిలిచిన జట్టు కింది డివిజన్‌కు దిగదు, కింది జట్టు గెలిచి పైకి రాదు. ఉండాలా పోవాలా అన్నది బోర్డు గదిలో తేలుతుంది. కాబట్టి ఒక ప్రాంతీయ జట్టు భవిష్యత్తు తెలుసుకోవాలంటే పాయింట్ల పట్టిక చూసి లాభం లేదు. లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, ఒప్పందం గడువు దేనికి ముడిపెట్టారు, ప్రసార సంస్థకు వారానికి ఎన్ని మ్యాచ్‌లు కావాలి అన్నవి చూడాలి. ఫోర్స్‌ని చంపిందీ, మూడేళ్ల తర్వాత బతికించిందీ ఇవేనని నా వాదన.

పెర్త్‌లో వారాంతం అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. వెస్ట్ కోస్ట్ ఈగల్స్, ఫ్రీమాంటిల్ డాకర్స్ అనే రెండు జట్లు ఊరిని పంచేసుకున్నాయి. అయినా దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, బ్రిటన్‌ల నుంచి వలస వచ్చిన కుటుంబాలు రగ్బీని వెంట తెచ్చుకున్నాయి. కాటెస్లో, నెడ్‌లాండ్స్, పాల్మైరా, అసోసియేట్స్ లాంటి క్లబ్బులు ఎప్పటినుంచో ఆడుతున్నాయి. 2006లో పోటీని 14 జట్లకు పెంచినప్పుడు ఆస్ట్రేలియాకు దక్కిన నాలుగో జట్టు కోసం మెల్‌బోర్న్ కూడా పోటీపడింది, పెర్త్‌కే ఇచ్చారు. ఆ ఫిబ్రవరిలో సుబియాకో ఓవల్‌లో కాన్‌బెరా జట్టు బ్రంబీస్‌తో తొలి మ్యాచ్‌కు 37 వేల మంది వచ్చారు. జట్టు ఓడింది. ఆ సీజన్ మొత్తంలో గెలిచింది ఒక్కటే మ్యాచ్, అదీ దక్షిణాఫ్రికాలో చీతాస్ మీద.

కొత్త ఊళ్లో జట్టు కట్టడంలో ఉన్న కష్టం ఆటగాళ్ల జాబితాలోనే కనిపిస్తుంది. రగ్బీలో మైదానంలోకి దిగేది 15 మంది, బెంచీ మీద ఎనిమిది మంది. 23 మందితో ఆడే మ్యాచ్‌లో ముందు వరసలో ఆడటానికి శిక్షణ పొందినవాళ్లు కనీసం ఆరుగురు ఉండి తీరాలి: ఎడమ ప్రాప్, మధ్యలో నిలిచే హుకర్, కుడి ప్రాప్, ఒక్కొక్కరికి ఒక బదులు మనిషి. ఇది భద్రత కోసం పెట్టిన నిబంధన. స్క్రమ్‌లో ఎనిమిది మంది మరో ఎనిమిది మందిని తోసేటప్పుడు ముందు వరసలో అనుభవం లేనివాడుంటే మెడ విరిగే ప్రమాదం ఉంది. గాయాలనూ సస్పెన్షన్లనూ కలుపుకుంటే సీజన్ మొత్తానికి తొమ్మిది పది మంది ముందు వరస ఆటగాళ్లు కావాలి. కుడి ప్రాప్ తయారుకావడానికి ఏళ్లు పడుతుంది. 110 కిలోల పైచిలుకు బరువున్న కుర్రవాడికి ఎదుటివాళ్ల ఇద్దరి తోపుని తల రెండు పక్కలా కాస్తూ వెన్ను నిటారుగా నిలపడం నేర్పాలి. సిడ్నీ జట్టులో ప్రాప్ గాయపడితే అదే వారం షూట్ షీల్డ్ అనే స్థానిక పోటీలో ఆడే క్లబ్బుల్లోంచి ఒకణ్ని పిలుస్తారు. పెర్త్‌లో ఆ స్థాయి ప్రాప్‌లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. మరొకరు కావాలంటే దేశం అవతలి అంచు నుంచి విమానంలో రప్పించాలి, ఇల్లు చూపించాలి, సిడ్నీలో ఉండిపోయేదానికంటే ఎక్కువ జీతం ఇవ్వాలి. మొదట్లో ఫోర్స్ జట్టు నిండా తూర్పు తీరం వాళ్లే. జింబాబ్వేలో పుట్టి బ్రిస్బేన్‌లో చదువుకున్న డేవిడ్ పోకాక్ అలా వచ్చినవాడే. స్థానికంగా పెరిగిన పంట చేతికి రావడానికి పదేళ్లు పట్టింది. పెర్త్‌లో పెరిగిన కైల్ గాడ్విన్, డేన్ హేలెట్-పెటీ 2016లో జాతీయ జట్టుకు ఆడారు. పదేళ్లకు కాపు మొదలైందనగా పదకొండో ఏట నరికేశారు.

దూరం మరో బరువు. పెర్త్ నుంచి సిడ్నీ సుమారు 3,300 కిలోమీటర్లు, ఆక్లాండ్ 5,300. శనివారం బయట మ్యాచ్ ఉంటే గురువారమే బయల్దేరాలి. తూర్పు జట్టు శుక్రవారం పొద్దున వెళ్లి ఆదివారం పొద్దున ఇంట్లో ఉంటుంది. పెర్త్ జట్టుకు ఆదివారం మొత్తం ప్రయాణానికే పోతుంది, సోమవారం ఒళ్లు తేరుకోవడానికి. తర్వాతి మ్యాచ్ ఆరు రోజుల్లోనే ఉంటే ఒకరినొకరు ఢీకొంటూ గట్టిగా చేసే సాధన ఒక్క రోజే మిగులుతుంది. మే, జూన్ నెలల్లో ఆ జట్టు కాళ్లు బరువెక్కడానికి కారణం వెతకాలంటే విమానాల పట్టిక చాలు.

గడియారం సంగతి ఇంకా ముఖ్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. సీజన్ మొదలయ్యే ఫిబ్రవరి, మార్చిల్లో పెర్త్‌లో రాత్రి ఏడైతే సిడ్నీలో పది, ఆక్లాండ్‌లో అర్ధరాత్రి. తూర్పు తీరం ప్రేక్షకుడు నిద్రకు ఉపక్రమించే వేళకు పెర్త్ మ్యాచ్ మొదలవుతుంది. కానీ అదే సమయానికి జొహానెస్‌బర్గ్‌లో మధ్యాహ్నం ఒంటి గంట. హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగున్నర. సింగపూర్, హాంకాంగ్‌లలో సరిగ్గా పెర్త్ సమయమే. దక్షిణాఫ్రికా పోటీలో ఉన్నంతకాలం పెర్త్ మ్యాచ్‌కు మధ్యాహ్నపు ప్రేక్షకులు దొరికేవాళ్లు, న్యూజిలాండ్ మ్యాచ్ ముగిశాక దక్షిణాఫ్రికా మ్యాచ్ మొదలయ్యేలోగా టీవీలో ఖాళీ నింపడానికి పెర్త్ పనికొచ్చేది. ఈ విలువకు యూనియన్ లెక్కల్లో ఏనాడూ తగిన చోటు దొరకలేదు.

ఇక డబ్బు. ఇలాంటి జట్టుకు వచ్చే ఆదాయంలో పెద్దది యూనియన్ ఇచ్చే ప్రసార వాటా. తర్వాత స్పాన్సర్లు, సభ్యత్వాలు, ఏడెనిమిది సొంత మైదానం మ్యాచ్‌ల టికెట్లు. ఖర్చులో పెద్దవి జీతాలు, ప్రయాణాలు, స్టేడియం అద్దె. జీతాలు రెండు మూడేళ్ల కాంట్రాక్టులతో ముందే బిగిసిపోయి ఉంటాయి, టికెట్లు మాత్రం వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే ఆ నెలలోనే పడిపోతాయి. ఓటమికి ఆదాయం వెంటనే స్పందిస్తుంది, ఖర్చు రెండేళ్ల తర్వాత గానీ స్పందించదు. ఈ ఎడాన్ని నిల్వ సొమ్ముతో పూడ్చుకోవాలి, కొత్త ఫ్రాంచైజీకి నిల్వ ఉండదు. దాంతో బయటివాళ్ల హామీల మీద ఆధారపడటం మొదలవుతుంది. తొలి ఏళ్లలో ఫోర్స్‌కు ఫైర్‌పవర్ అనే కంపెనీ స్పాన్సర్‌గా ఉండేది. ఇంధనం పొదుపు చేసే మాత్రలు అమ్ముతామని ప్రచారం చేసుకున్న సంస్థ అది. 2007లో జాతీయ జట్టు ఆటగాడు మ్యాట్ గిటావ్‌ని పెర్త్‌కు రప్పించిన సొమ్ములో ముఖ్యమైన భాగం ఆ కంపెనీ మాట మీద నిలబడింది. 2008లో కంపెనీ కూలిపోయింది, గిటావ్‌కు రావలసిన బాకీ రాలేదు, 2009 సీజన్ తర్వాత అతను తిరిగి కాన్‌బెరాకు వెళ్లిపోయాడు. మూడో పక్షం ఇచ్చే జీతం క్లబ్బు పుస్తకాల్లో అప్పుగా కనిపించదు. హామీ తప్పినరోజు మాత్రం ఆ భారమంతా క్లబ్బు మీదే పడుతుంది.

సుబియాకో మైదానం గుండ్రటిది, ఆస్ట్రేలియన్ రూల్స్ కోసం కట్టింది. రగ్బీ గీతకూ మొదటి వరస కుర్చీకీ మధ్య బోలెడంత ఖాళీ. 2010లో 20 వేల పైచిలుకు సీట్లున్న దీర్ఘచతురస్రపు పెర్త్ ఓవల్‌కు మారడం మంచి నిర్ణయమే, ఆట దగ్గరగా కనిపించింది. కానీ అమ్మగలిగే సీట్లు సగానికి తగ్గాయి. 2014లో తొమ్మిది మ్యాచ్‌లు గెలిచి ఫైనల్స్ (లీగ్ తర్వాతి నాకౌట్ దశ) గుమ్మం దాకా వెళ్లిన జట్టు తర్వాతి రెండేళ్లు కుప్పకూలింది. సొమ్ము అడుగంటింది. 2016లో యూనియన్ చేయి అందించింది: లైసెన్సూ, జట్టు పేరూ, గుర్తూ యూనియన్ తీసుకుంటుంది, నడిపే భారం కూడా తీసుకుంటుంది. అప్పు తీర్చడానికి ఇల్లు అమ్మి అదే ఇంట్లో అద్దెకు దిగినట్టు అయింది పెర్త్ పని. ఆరోజు అది రక్షణలా కనిపించింది. జీతాలు ఆగలేదు, ఆట ఆగలేదు. పద్నాలుగు పదిహేను నెలల్లో అసలు మూల్యం తెలిసింది.

2017 ఏప్రిల్‌లో సూపర్ రగ్బీని 18 నుంచి 15 జట్లకు కుదించాలని దేశాలు తీర్మానించాయి. దక్షిణాఫ్రికా రెండు, ఆస్ట్రేలియా ఒకటి తీసేయాలి. ఆస్ట్రేలియా యూనియన్ ఫోర్స్, రెబెల్స్ పేర్లు బయటపెట్టి రెండు మూడు రోజుల్లో తేలుస్తామంది. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల నష్టాన్ని ఎవరూ లెక్కగట్టలేదు. పేరు ఆ జాబితాలో ఉన్న జట్టు వచ్చే ఏడాది సభ్యత్వాలు అమ్మలేదు, స్పాన్సర్ సంతకం చేయడు, కాంట్రాక్టు ముగుస్తున్న ఆటగాడు జపాన్‌కో ఫ్రాన్స్‌కో ఫోన్ చేస్తాడు. ఇంత జరుగుతుండగా ఫోర్స్ కుర్రాళ్లు ఆరు మ్యాచ్‌లు గెలిచారంటే కోచ్ డేవ్ వెసెల్స్‌కూ, తొలి సీజన్ నుంచి అదే జెర్సీ వేసుకున్న మ్యాట్ హాడ్జ్‌సన్‌కూ చేతులెత్తి మొక్కాలి.

రెబెల్స్‌ని ఎందుకు తీయలేదో చూస్తే మొత్తం వ్యవహారం అర్థమవుతుంది. వాళ్ల లైసెన్సు 2015 నుంచి ఒక ప్రైవేటు యజమాని దగ్గర ఉంది. తీసేయాలంటే అతనితో బేరం కుదరాలి, పరిహారం ఇవ్వాలి, లేదా కోర్టుకెక్కాలి. చివరికి ఆ యజమాని దాన్ని ఒక్క డాలరుకు విక్టోరియా రగ్బీ యూనియన్‌కు బదిలీ చేశాడు. దాంతో యూనియన్‌కు ఆ తలుపు మూసుకుపోయింది. మిగిలింది పెర్త్, దాని లైసెన్సు యూనియన్ బీరువాలోనే ఉంది. ఫోర్స్ తరఫున పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర రగ్బీ సంఘం మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. మా ఒప్పందం ప్రసార ఒప్పందంతో ముడిపడింది, అది 2020 దాకా ఉంది కాబట్టి మేమూ 2020 దాకా ఉంటామని వాదించింది. జట్లు తగ్గడంతో ప్రసార ఒప్పందాన్నే మళ్లీ కుదుర్చుకున్నాం, కాబట్టి మీ గడువు తీరిందని యూనియన్ వాదించింది. మధ్యవర్తి యూనియన్ వైపే తీర్పిచ్చాడు. సెప్టెంబరు 5న న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు కూడా అప్పీలును కొట్టేసింది. గడువును తేదీతో కాకుండా మరొకరు మార్చుకోగల ఒప్పందంతో ముడిపెట్టడం పెర్త్ చేసిన ఘోరమైన తప్పు. 2020 డిసెంబరు 31 అని ఒక్క తేదీ రాసి ఉంటే ఆ కేసు నడిచే తీరే వేరు.

ఖనిజ వ్యాపారి ఆండ్రూ ఫారెస్ట్ 5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా ఇస్తానన్నా యూనియన్ వెనక్కి తగ్గలేదు. అభిమానులు వాటాలు కొని లైసెన్సును తిరిగి సొంతం చేసుకోవాలని మొదలుపెట్టిన ప్రచారం గమ్యం చేరకుండానే ఆగింది. నిర్ణయం ప్రకటించిన రోజే యూనియన్ ముఖ్య కార్యనిర్వాహకుడు బిల్ పల్వర్ రాజీనామా చేశాడు. ఆస్ట్రేలియా సెనేట్ విచారణ జరిపి నవంబరులో నివేదిక ఇచ్చింది. జట్టు మాత్రం తిరిగి రాలేదు.

యూనియన్ వాదనలో బలం లేదని అనను. ఆ ఏడాది న్యూజిలాండ్ జట్లతో ఆస్ట్రేలియా జట్లు 26 మ్యాచ్‌లు ఆడి 26 ఓడాయి. ఐదు జట్లకు సరిపడా ఆటగాళ్లు దేశంలో లేరు, నాలుగైతే ప్రతి జట్టూ బలపడుతుందని వాళ్లు చెప్పారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఒక జట్టు తీసేస్తే నిజంగా ఏం జరుగుతుందో చూడండి. పోయేవి సుమారు 35 ఉద్యోగాలు. పేరున్నవాళ్లు, అంటే హేలెట్-పెటీ, ఆడమ్ కోల్‌మన్ లాంటివాళ్లు, కోచ్ వెసెల్స్‌తో సహా మెల్‌బోర్న్‌కు వెళ్లారు. టటాఫు పొలోటా-నౌ ఇంగ్లండ్‌లో లెస్టర్‌కు వెళ్లాడు. పేరున్నవాడికి ఎక్కడైనా చోటు దొరుకుతుంది, అతను వెళ్లిన జట్టులో ముప్పయ్యో నంబరు కుర్రవాడు బయటికొస్తాడు. కోత పడేది అడుగున ఉన్న 20, 21 ఏళ్ల వాళ్ల మీద. ప్రాప్ లాంటి స్థానంలో ఆ వయసులో ఆడే అవకాశం పోతే 26 ఏళ్లకు తయారుకావలసినవాడు తయారుకాడు. అందుకే ఇలాంటి కోత నష్టం ఆరేడేళ్లకు గానీ బయటపడదు.

ఫలితాలు కూడా చూద్దాం. ఫోర్స్ ఆటగాళ్లతో నిండిన రెబెల్స్ 2018లోనూ 2019లోనూ ఫైనల్స్ చేరలేదు. న్యూజిలాండ్ జట్ల చేతిలో వరస ఓటములు 40 దాకా సాగి 2018 మేలో వారటాస్ గెలుపుతో ఆగాయి. ఆ రెండేళ్లలో ఏ ఆస్ట్రేలియా జట్టూ ఫైనల్ ఆడలేదు. 2023 ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియా మొదటిసారి గ్రూపు దశలోనే ఇంటిముఖం పట్టింది. దానికి ఇంకా చాలా కారణాలున్నాయి, అన్నీ పెర్త్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. నాలుగు జట్లయితే బలపడతామన్న మాట మాత్రం నిజం కాలేదని తేలిపోయింది.

ఆ మధ్యకాలంలో పెర్త్ చేసిన పని మీద ఎక్కువ చెప్పుకోవాలి. పోటీ లేని జట్టు ఏడాదిలో చచ్చిపోతుంది. ఆటగాడికి జీతం కంటే ముందు మ్యాచ్ కావాలి. ఫారెస్ట్ డబ్బుతో ముందుగా కొన్నది మ్యాచ్‌లనే. 2018 మేలో ఫిజీ వారియర్స్‌ని పిలిచి ఆడిన మొదటి మ్యాచ్‌కు పెర్త్ ఓవల్‌లో దాదాపు 19 వేల మంది వచ్చారు. గుర్తింపు పొందిన లీగు లేదు, పాయింట్లు లేవు, ట్రోఫీ లేదు, అయినా వచ్చారు. టోంగా, సమోవా జట్లూ, న్యూజిలాండ్ నుంచి క్రూసేడర్స్ లాంటివాళ్లూ వచ్చి ఆడారు. ఆ తర్వాత గ్లోబల్ రాపిడ్ రగ్బీ అని కొత్త పోటీ పెట్టారు. 70 నిమిషాల ఆట, సొంత 22 మీటర్ల గీత లోపల మొదలుపెట్టిన దాడి ట్రైగా, అంటే బంతిని ఎదుటివాళ్ల గీత అవతల నేలకు ఆనించడంతో, ముగిస్తే 9 పాయింట్లు. హాంకాంగ్, చైనా, మలేసియా, ఫిజీ, సమోవాల పేరుతో జట్లు. పెర్త్ గడియారం ఆసియాతో కలుస్తుందన్న పాత సంగతినే ఆధారం చేసుకున్నారు. 2020 మార్చిలో ఒక్క రౌండు కాగానే కరోనా దాన్ని ఆపేసింది. ఇవన్నీ నడుస్తుండగా దేశవాళీ పోటీ ఎన్‌ఆర్‌సీ (నేషనల్ రగ్బీ చాంపియన్‌షిప్)లోనూ జట్టు ఆడుతూనే ఉంది. 2019 ఫైనల్లో కాన్‌బెరా వైకింగ్స్‌ని 41-3తో ఓడించి కప్పు గెలిచింది. మహిళల జట్టు 2018లో మొదలైన మహిళల పోటీ సూపర్ డబ్ల్యూలో మొదటి ఏడాది నుంచీ ఉంది. సూపర్ రగ్బీలో మగవాళ్ల జట్టు లేని రోజుల్లో పెర్త్ అమ్మాయిలకు దేశస్థాయి జెర్సీగా మిగిలింది ఇదే. 2019 ఆగస్టులో పెర్త్ కొత్త స్టేడియంలో ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌ని 47-26తో ఓడించిన రోజు 61 వేల మంది చూశారు. జట్టును తీసేసిన ఊరికే ఆదాయం కోసం యూనియన్ తిరిగి వచ్చింది.

మళ్లీ తలుపు తెరిపించింది న్యాయం కాదు, కూడికలు తీసివేతలు. కరోనాతో సరిహద్దులు మూసుకుపోయాయి, ఆస్ట్రేలియా తన జట్లతోనే పోటీ పెట్టుకోవలసి వచ్చింది. నాలుగు జట్లు రెండేసి సార్లు తలపడితే వచ్చేవి 12 మ్యాచ్‌లు, ఆరు వారాల్లో ముగిసిపోతాయి. ఐదో జట్టుంటే 20 మ్యాచ్‌లు, పది వారాలు. ప్రసార సంస్థకు ఈ ఎనిమిది మ్యాచ్‌ల తేడా చాలా పెద్దది. జీతాలిస్తూ, సాధన చేస్తూ సిద్ధంగా ఉన్న ఐదో జట్టు దేశం మొత్తం మీద ఒక్క పెర్త్‌లోనే ఉంది. 2020 జూలైలో మొదలైన సూపర్ రగ్బీ ఏయూలోకి ఫోర్స్‌ని పిలిచారు. రాష్ట్ర సరిహద్దు మూసి ఉండటంతో ఎనిమిది మ్యాచ్‌లూ సొంత రాష్ట్రం బయటే ఆడి ఎనిమిదీ ఓడింది. మరుసటి ఏడాది ఐర్లండ్ ఫుల్‌బ్యాక్ రాబ్ కియర్నీ, అర్జెంటీనా నుంచి తోమాస్ కుబెల్లీ లాంటి పెద్ద ఆటగాళ్లను తెచ్చుకుని మూడో స్థానంలో నిలిచింది, జట్టు చరిత్రలో మొదటిసారి ఫైనల్స్ దశకు చేరింది. అక్కడ బ్రంబీస్ చేతిలో 21-9తో ఓడింది. 2022లో సూపర్ రగ్బీ పసిఫిక్ 12 జట్లతో మొదలైనప్పుడు పెర్త్ చోటు ఖాయమైంది.

ఇక మెల్‌బోర్న్. 2017లో మిగిలిన రెబెల్స్ 2024 జనవరిలో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, అంటే అప్పులు తీర్చలేక బయటి నిర్వాహకుల చేతికి వెళ్లింది. అప్పులు 2.3 కోట్ల డాలర్లు దాటాయి, అందులో పెద్ద భాగం పన్ను బకాయిలు. ఆ సీజన్ చివర్లో జట్టు మొదటిసారి క్వార్టర్ ఫైనల్ ఆడబోతుండగా, మే నెలలో లైసెన్సు పొడిగించబోమని యూనియన్ చెప్పేసింది. న్యూజిలాండ్ జట్టు హరికేన్స్ చేతిలో ఓడిన రోజే జట్టు కథ ముగిసింది. మైదానంలో మెరుగైన ఏడాదే జట్టుకు ఆఖరి ఏడాది కావడం పెర్త్‌లో జరిగిందానికి నకలు. అభిమానులం పరస్పరం నిందించుకున్నాం ఆ రోజుల్లో, పెర్త్‌ని మెల్‌బోర్న్ మింగిందని. నిజానికి రెండు ఊళ్లనూ దెబ్బతీసింది ఒకే పద్ధతి. 2017లో ఒక జట్టును తీసేస్తే మిగిలిన నాలుగూ ఆర్థికంగా గట్టిపడతాయన్నారు. గట్టిపడలేదు, అప్పు చోటు మారింది.

దక్షిణాఫ్రికాలోనూ అంతే. అదే 2017లో తొలగించిన కింగ్స్, చీతాస్ జట్లు ఐరోపా పోటీ ప్రో14లో చేరాయి. 2020లో కింగ్స్ దివాలా తీసింది. చీతాస్‌ని అక్కడినుంచి కూడా పక్కనపెట్టారు. ఆ జట్టు 2022-23లో ఐరోపా ఛాలెంజ్ కప్‌లో తన సొంత మైదానం మ్యాచ్‌లను ఇటలీలోని పార్మాలో ఆడుకోవలసి వచ్చింది.

మన దగ్గర కూడా ఇలాంటి కాగితం ఎలా పనిచేస్తుందో హైదరాబాద్ చూసింది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్‌ని 2012లో బీసీసీఐ రద్దు చేసింది. యజమాని సంస్థ అప్పుల్లో ఉంది, కోర్టు చెప్పిన 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ గడువులోగా చూపలేకపోయింది. వారాల్లోనే సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకు హైదరాబాద్ జట్టును కొనుక్కుంది, సన్‌రైజర్స్ వచ్చింది. పేరు పోయినా ఊరికి జట్టు మిగిలింది, ఎందుకంటే ఆ మార్కెట్‌ని వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. పెర్త్‌లో రగ్బీకి ఆ మార్కెట్ బలం లేదు. అలాంటి ఊరికి కాగితం మీద రక్షణ ఇంకా గట్టిగా ఉండాలి.

గట్టిగా ఉంటే ఎలా ఉంటుందో ఐర్లండ్‌లో కనాక్ట్ చూపించింది. 2003 జనవరిలో డబ్బు లేదని ఐర్లండ్ యూనియన్ పశ్చిమ తీరపు ఈ జట్టును మూసేయడానికి సిద్ధపడింది. ఆటగాళ్లు, అభిమానులు కలిసి సుమారు 2,000 మంది డబ్లిన్‌లో యూనియన్ కార్యాలయం దాకా నడిచారు. యూనియన్ వెనక్కి తగ్గింది. 2016లో పాట్ లామ్ శిక్షణలో అదే కనాక్ట్ ప్రో12 (ప్రో14కి పాత పేరు) ఫైనల్లో లెన్‌స్టర్‌ని 20-10తో ఓడించి టైటిల్ గెలిచింది. పెర్త్ వీధుల్లోనూ వేలమంది కదిలారు, ఫలితం వేరు. తేడా జనంలో లేదు. కనాక్ట్ అనేది కొని అమ్మే ఫ్రాంచైజీ కాదు, నాలుగు ప్రావిన్సుల్లో ఒకటి, యూనియన్‌లోనే కూర్చున్న శాఖ. దాన్ని మూయడమంటే యూనియన్ తన ఒంట్లో ఒక అవయవాన్ని కోసుకోవాలి. పెర్త్‌కు మిగిలిన ఆయుధం ఓట్లు. 2017 జూన్‌లో జరిగిన ఆస్ట్రేలియా యూనియన్ ప్రత్యేక సర్వసభ్య సమావేశంలో తూర్పు రాష్ట్రాల ఓట్ల ముందు అవి చాలలేదు.

సంపన్నుడి డబ్బుతో నిలబడిన జట్టు గురించి కూడా దాచకుండా చెప్పాలి. ఇంగ్లండ్‌లో వూస్టర్, వాస్ప్స్ 2022లో, లండన్ ఐరిష్ 2023లో యజమానుల సొమ్ము ఆగగానే పై డివిజన్ నుంచి మాయమయ్యాయి. ఫారెస్ట్ లేకపోతే ఫోర్స్ పేరు 2018లోనే మాసిపోయేది, ఆ రుణం పెర్త్ ఎప్పటికీ మరిచిపోదు. అయినా ఒక మనిషి ఇష్టం మీద నిలబడటం యూనియన్ ఇష్టం మీద నిలబడటం కంటే గొప్ప భద్రత ఏమీ కాదు. 2022 నుంచి 2025 దాకా జట్టు ఒక్కసారీ ఫైనల్స్ చేరలేదు. 2025 జూన్ 28న బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ ఆ పర్యటనలో ఆస్ట్రేలియా గడ్డ మీద తమ తొలి మ్యాచ్‌ను పెర్త్‌లోనే ఫోర్స్‌తో ఆడి 54-7తో గెలిచింది, 46 వేలకు పైగా జనం వచ్చారు. జనం ఉన్నారు, గెలుపులు చాలడంలేదు. గెలుపులకు కావలసిన స్థానిక ప్రాప్‌లూ, వాళ్ల వెనక రెండో వరసలో తోసే లాక్‌లూ తయారుకావడానికి మరో పదేళ్ల నిలకడ కావాలి.

రెబెల్స్ పోయాక పోటీలో 11 జట్లే మిగిలాయి. బేసి సంఖ్య కాబట్టి ప్రతి వారం ఎవరో ఒకరు ఖాళీగా కూర్చోవాలి. 12 జట్లతో 84 లీగ్ మ్యాచ్‌లుండేవి, ఇప్పుడు 77. ఇంకొక జట్టు పోతే ఇంకా ఏడు తగ్గుతాయి. అంటే ఇప్పుడు పెర్త్‌కు బేరమాడే బలం ఉంది, గతంలో ఎప్పుడూ లేనంత. ఆ బలాన్ని ఇప్పుడే కాగితం మీదకు ఎక్కించాలి. లైసెన్సు గడువు ప్రసార ఒప్పందంతో సంబంధం లేకుండా నిర్దిష్టమైన తేదీతో ఉండాలి. తొలగింపుకు కారణాలు ముందే రాయాలి: ఎన్ని నెలలు జీతాలు ఆగితే, ఎంత పన్ను బకాయి పడితే, లెక్కలు ఎన్నిసార్లు ఆలస్యమైతే అని. పోటీని కుదించాలంటే కనీసం రెండు సీజన్లు ముందు నోటీసు ఇవ్వాలి, ఆ రెండు సీజన్ల వాటా తగ్గకూడదు. యజమాని తప్పుకుంటే మొదట కొనే హక్కు రాష్ట్ర సంఘానికి, దాని ద్వారా సభ్యులకు ఉండాలి. జట్టు పేరు, రంగు, గుర్తు ఎప్పటికీ రాష్ట్ర సంఘం పేరు మీదే రిజిస్టరై ఉండాలి, వాడుకునే అనుమతి మాత్రమే యజమానికి. యువ అకాడమీ ఖర్చు విడి ఖాతాలో ఉండాలి, ప్రధాన జట్టు నష్టాల్లోకి వెళ్లినా ఆ ఖాతాను తాకకూడదు. ఆస్ట్రేలియా యూనియన్ నైన్ టీవీ సంస్థతో చేసుకున్న కొత్త ప్రసార ఒప్పందం 2026 నుంచి 2030 దాకా నడుస్తుంది. తర్వాతి బేరం 2029లోనే మొదలవుతుంది, అప్పటికి ఈ షరతుల మీద సంతకాలు ఉండాలి.